వ్యానులో బాడీ కంట్రోల్ మాడ్యూల్ మార్పించడం: విశాఖపట్నం వాహనదారులు తరచుగా అడిగే ప్రశ్నలు

గాజువాక, పరవాడ వైపు కర్మాగారాలకు సిబ్బందిని చేరవేసే వ్యాన్లు, స్కూలు వ్యాన్లు, భీమిలికీ అరకుకూ పర్యాటకులను తీసుకువెళ్లే వ్యాన్లు ఒక్క రోజు ఆగినా యజమానికి నష్టమే. ఆ తొందరలో బాడీ కంట్రోల్ మాడ్యూల్ మార్చేద్దామనే నిర్ణయం చాలా త్వరగా జరిగిపోతోంది. ఆ నిర్ణయానికి ముందు ఏమి పరీక్షించాలి, మార్చే రోజున ఏమి జరగాలి, మార్చిన తరువాత ఏమి సరిచూసుకోవాలి అనే విషయాలపై యజమానులు, డ్రైవర్లు అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు ఇస్తున్నాము.

వ్యానులో బాడీ కంట్రోల్ మాడ్యూల్ చేసే పని ఏమిటి?

హెడ్‌లైట్లు, ఇండికేటర్లు, హార్న్, వైపర్లు, సెంట్రల్ లాక్, పవర్ విండోలు, లోపలి దీపాలు వంటి వాటిని నడిపించే చిన్న కంప్యూటరే బాడీ కంట్రోల్ మాడ్యూల్. గ్యారేజీల్లో అందరూ దీనిని బీసీఎం అనే పిలుస్తారు. పాత వ్యాన్లలో లైటు స్విచ్చు వేస్తే కరెంటు ఆ స్విచ్చు గుండానో, దానితో పనిచేసే రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపి విడదీసే స్విచ్చు) గుండానో నేరుగా బల్బుకు చేరేది. బీసీఎం ఉన్న వ్యానులో స్విచ్చు ఒక సంకేతాన్ని మాత్రమే పంపుతుంది. బీసీఎం ఆ సంకేతాన్ని చదివి, ఇగ్నిషన్ తాళం (తాళంచెవి) ఏ స్థితిలో ఉందో, తలుపులు మూసి ఉన్నాయో లేదో చూసుకుని, తన లోపలి రిలే ద్వారానో ఎలక్ట్రానిక్ స్విచ్చు ద్వారానో బల్బుకు కరెంటు ఇస్తుంది.

ఇంజిన్‌ను నడిపించే కంప్యూటరు (ఈసీయూ), మీటర్ బోర్డు, బ్రేకులకు సంబంధించిన ఏబీఎస్ వంటి ఇతర మాడ్యూళ్లతో అది క్యాన్ అనే రెండు తీగల వ్యవస్థ ద్వారా సమాచారం ఇచ్చిపుచ్చుకుంటుంది. బాష్ సంస్థ 1986లో ప్రకటించిన ఈ పద్ధతి 1993లో ఐఎస్ఓ 11898 పేరుతో అంతర్జాతీయ ప్రమాణం అయింది. కొన్ని మోడళ్లలో తాళంలోని చిప్‌ను గుర్తుపట్టి ఇంజిన్ స్టార్ట్ కావడానికి అనుమతి ఇచ్చే ఇమ్మొబిలైజర్ కూడా బీసీఎంలోనే ఉంటుంది. అటువంటి వ్యానులో బీసీఎం మార్చడమంటే తాళాల వ్యవస్థను కూడా ముట్టుకోవడమే.

నా వ్యానులో బీసీఎం ఉందో లేదో ఎలా తెలుసుకోవాలి?

2019లో తయారీ ఆగిపోయిన ఓమ్ని వంటి సాదా వ్యాన్లలో స్విచ్చులు, రిలేలు, ఫ్లాషర్లే పని చేసేవి. ఇటీవలి వ్యాన్లలో ఏదో ఒక రూపంలో బీసీఎం ఉండే అవకాశం ఎక్కువ. అయితే కొన్నింటిలో అది విడి పెట్టెగా ఉంటుంది, మరికొన్నింటిలో డ్యాష్‌బోర్డు కింది ఫ్యూజ్ బాక్సుతో కలిసి ఉంటుంది. మీ మోడల్ వైరింగ్ డయాగ్రం చూస్తే సందేహం తీరుతుంది. ఆ డయాగ్రం దగ్గర లేకుండా ఈ పని చేపట్టే ఎలక్ట్రీషియన్ చేతికి వ్యానును ఇవ్వకపోవడం మంచిది.

బీసీఎం చెడిపోయిందని ఏ లక్షణాలను బట్టి అనుమానించాలి?

ఒకదానితో ఒకటి సంబంధం లేని పరికరాలు ఒకేసారి మొరాయించడం మొదటి సూచన. వైపర్లు వాటంతట అవే తిరగడం, ఇండికేటర్ వేస్తే తలుపుల లాక్ పడటం, హార్న్ ఆగకుండా మోగడం, తాళం తీసేసినా పార్కింగ్ లైట్లు ఆరకపోవడం, రిమోట్ కొన్నిసార్లు పనిచేసి కొన్నిసార్లు పనిచేయకపోవడం, రాత్రి ఆపిన వ్యాను ఉదయానికి స్టార్ట్ కాకపోవడం వంటివి తరచుగా కనిపించే లక్షణాలు. మాడ్యూలులోనే ఇమ్మొబిలైజర్ ఉంటే, సెల్ఫ్ తిరిగినా ఇంజిన్ అందుకోకపోవచ్చు, లేదా సెల్ఫే తిరగకపోవచ్చు.

ఒక్క పరికరం మాత్రమే పనిచేయకపోతే, ఉదాహరణకు ఎడమ వైపు హెడ్‌లైటు ఒక్కటే వెలగకపోతే, ముందుగా బల్బు, దాని హోల్డరు, ఫ్యూజు, దాని ఎర్త్ (కరెంటు బాడీ ద్వారా బ్యాటరీ నెగెటివ్‌కు తిరిగి చేరే దారి) చూడాలి. ఎల్ఈడీ బల్బు వేసిన తరువాత ఇండికేటర్ వేగంగా కొట్టుకోవడం కూడా బీసీఎం లోపం కాదు. ఎల్ఈడీ తక్కువ కరెంటు తీసుకోవడం వల్ల, బల్బు కాలిపోయిందేమోనని మాడ్యూలు ఆ విధంగా హెచ్చరిస్తోందని అర్థం.

ఈ లక్షణాలన్నీ ఉన్నాయి. ఇక మాడ్యూలు మార్చేయవచ్చా?

ఇంకా మార్చకూడదు. ఈ మొత్తం వ్యవహారంలో యజమాని డబ్బు వృథా అయ్యేది సరిగ్గా ఇక్కడే. పైన చెప్పిన లక్షణాలలో ప్రతి ఒక్కటీ బీసీఎం నిక్షేపంగా ఉన్నప్పుడు కూడా కనిపించగలదు. బలహీనమైన బ్యాటరీ, తుప్పు పట్టిన ఎర్త్, వదులైన కప్లర్ (తీగల కట్టను మాడ్యూలుకు కలిపే ప్లగ్గు), ఎక్కడో ఒరుసుకుపోయి బాడీకి తగులుతున్న తీగ, వీటిలో ఏ ఒక్కటైనా మాడ్యూలు పిచ్చిపట్టినట్టు ప్రవర్తించేలా చేస్తుంది.

బ్యాటరీ నుండి మొదలుపెట్టాలి. వ్యాను కొన్ని గంటలు ఆగి ఉన్న తరువాత నిండుగా చార్జ్ అయిన బ్యాటరీ దాదాపు 12.6 వోల్టులు చూపాలి. 12.2 దగ్గర ఉంటే అది సగమే చార్జ్ అయి ఉందని లెక్క. ఇంజిన్ నడుస్తున్నప్పుడు మామూలుగా 13.8 నుండి 14.5 వోల్టుల మధ్య రావాలి. సెల్ఫ్ కొట్టేటప్పుడు వోల్టేజి బాగా పడిపోతే మాడ్యూళ్లు ఆ క్షణంలో ఆగి మళ్లీ మొదలవుతాయి. అప్పుడు మాడ్యూళ్లలో నమోదయ్యే లోపాల కోడ్లను (లోపాన్ని సూచించే సంఖ్యలను) చూసి బీసీఎంను తప్పుపట్టడం న్యాయం కాదు.

తరువాత బీసీఎంకు కరెంటు తెచ్చే ప్రతి ఫ్యూజునూ, దాని రెండు వైపులా టెస్ట్ ల్యాంప్ పెట్టి చూడాలి. ఫ్యూజు బయటకు తీసి కంటితో చూసి పెట్టేయడం సరిపోదు. ఫ్యూజు బాగుండి, అది కూర్చునే క్లిప్పు వదులైపోయిన సందర్భాలు చాలా ఉంటాయి.

ఎర్త్ విషయంలో మరింత శ్రద్ధ అవసరం. లైట్లన్నీ ఆపి మల్టీమీటరుతో చూస్తే ఒక్క పోగు మాత్రమే మిగిలిన తీగ కూడా 12 వోల్టులు చూపించి మనల్ని మోసం చేస్తుంది. అందుకే హెడ్‌లైట్లు, వైపర్లు, ఇండికేటర్లు వేసి, బీసీఎం ఎర్త్ పిన్నుకూ బ్యాటరీ నెగెటివ్ టెర్మినల్‌కూ మధ్య ఎంత వోల్టేజి ఉందో కొలవాలి. అది 0.1 వోల్టుకు అటూ ఇటూగా ఉంటే మంచిదే, 0.2 దాటితే ఆ దారిలో ఎక్కడో తుప్పు గానీ, వదులైన బోల్టు గానీ ఉన్నట్లే. ఎర్త్ సరిగా లేనప్పుడు కరెంటు వేరే దారి వెతుక్కుని మరో బల్బు గుండా వెనక్కి పోతుంది. బ్రేకు తొక్కితే ఇండికేటర్ మసకగా వెలగడం వంటి వింతలకు తరచుగా ఇదే కారణం. లైట్లు, వైపర్లు నడుస్తుండగా ఈ ఒక్క పరీక్ష చేయకుండా బీసీఎం పోయిందని చెప్పే మాటను అంగీకరించకూడదన్నది మా దృఢమైన అభిప్రాయం.

ఆ పైన స్విచ్చుల వంతు. స్విచ్చు వేసినప్పుడు, తీసినప్పుడు బీసీఎంకు సంకేతం అందుతోందో లేదో స్కానరులోని (మాడ్యూళ్లలోని సమాచారాన్ని చదివే పరికరంలోని) లైవ్ డేటాలో కనిపిస్తుంది. సంకేతం అందుతోంది, కరెంటూ ఎర్తూ సక్రమంగా ఉన్నాయి, బయటకు పోయే తీగలో షార్ట్ లేదు, అయినా ఆ పిన్నులో కరెంటు రావడం లేదు అని తేలినప్పుడే మాడ్యూలు లోపల లోపం ఉందని చెప్పవచ్చు.

షార్ట్ గురించి ప్రత్యేకంగా చెప్పవలసి ఉంది. నేటి మాడ్యూళ్లలోని ఎలక్ట్రానిక్ స్విచ్చులు, తీగ బాడీకి తగిలి ఎక్కువ కరెంటు లాగితే తమను తాము కాపాడుకోవడానికి ఆ దారిని మూసేస్తాయి. చూసేవారికి అది మాడ్యూలు చచ్చిపోయినట్టు కనిపిస్తుంది. తీగను సరిచేసి, కోడ్లు చెరిపి, తాళం ఆఫ్ చేసి మళ్లీ ఆన్ చేస్తే అదే మాడ్యూలు మామూలుగా పనిచేయవచ్చు. షార్ట్‌ను వెతకకుండా కొత్త మాడ్యూలు బిగిస్తే అది కూడా అలాగే మూసుకుంటుంది, లేదా కాలిపోతుంది.

విశాఖలో ఈ సమస్యకు ప్రత్యేక కారణాలు ఏమైనా ఉన్నాయా?

ఉన్నాయి. సముద్రపు గాలిలోని ఉప్పూ, ఏడాదిలో ఎక్కువ భాగం ఉండే తేమా కలిసి రాగి తీగలకు, ఇత్తడి పిన్నులకు చిలుము పట్టిస్తాయి. బీచ్ రోడ్డు పక్కన గానీ, ఫిషింగ్ హార్బర్ పరిసరాలలో గానీ రోజూ ఆరుబయట నిలిపే వ్యాను కప్లర్లను విప్పి చూస్తే పచ్చటి పొడి కనిపించడం ఆశ్చర్యం కాదు. చిలుము పిన్నుల మధ్య అడ్డంగా పెరిగితే ఒక దారిలోని కరెంటు పక్క దారిలోకి పాకుతుంది. వైపర్లు వాటంతట అవే కదలడం వంటివి అప్పుడే మొదలవుతాయి.

రెండవ కారణం నీరు. చాలా వ్యాన్లలో బీసీఎం డ్యాష్‌బోర్డు కింద, కాళ్ల పక్కన ఉంటుంది. ముందు అద్దం చుట్టూ ఉన్న రబ్బరు ఎండి పగిలితే వాన నీరు తీగల కట్ట మీదుగా జారి నేరుగా కప్లరులోకి దిగుతుంది. అద్దం మార్చినప్పుడు అంటించే పదార్థం సరిగా పరుచుకోకపోతే కూడా ఇదే జరుగుతుంది. మూడవది చాలామంది ఊహించని కారణం. ఈ ఉక్కపోతలో ఏసీ రోజంతా నడుస్తుంది, దాని నుండి నీరు ధారగా కారుతుంది. ఆ నీరు బయటకు పోయే గొట్టం దుమ్ముతో, ఆకులతో మూసుకుపోతే నీరంతా లోపలికి తిరుగుతుంది. ఎడమ వైపు కార్పెట్ ఎప్పుడూ చెమ్మగా ఉంటే, వానలు లేని నెలలో కూడా ఆ చెమ్మ ఆరకపోతే, ముందుగా ఆ గొట్టాన్ని చూడండి.

నీరు ఎక్కడి నుండి వస్తోందో కనిపెట్టి ఆపకుండా మాడ్యూలు మార్చడం వల్ల ప్రయోజనం లేదు. కొత్తదీ అదే నీటిలో తడుస్తుంది.

స్కానరులో యూ0140 అనే కోడ్ వచ్చింది. బీసీఎం పోయినట్లేనా?

ఆ కోడ్‌కు అర్థం, ఇతర మాడ్యూళ్లకు బీసీఎం నుండి సమాచారం అందలేదని మాత్రమే. అది ఎందుకు అందలేదో కోడ్ చెప్పదు. బీసీఎంకు కరెంటు పోయి ఉండవచ్చు, క్యాన్ తీగ తెగి ఉండవచ్చు, బ్యాటరీ పూర్తిగా దిగిపోయిన రోజున నమోదై అలాగే మిగిలిపోయి ఉండవచ్చు. కాబట్టి కోడ్లన్నీ ముందుగా రాసుకుని, చెరిపి, వ్యానును నడిపి, మళ్లీ వస్తుందో లేదో చూడాలి.

మళ్లీ వస్తే క్యాన్ తీగలను కొలవాలి. బ్యాటరీ విప్పి, స్టీరింగ్ కింద ఉండే 16 పిన్నుల డయాగ్నస్టిక్ సాకెట్‌లో 6వ, 14వ పిన్నుల మధ్య నిరోధం చూస్తే దాదాపు 60 ఓములు రావాలి. తీగల రెండు చివరలా 120 ఓముల చొప్పున ఉండే నిరోధకాలు కలిసి ఆ విలువను ఇస్తాయి. 120 వస్తే ఒక చివర దారి తెగిందని, సున్నాకు దగ్గరగా వస్తే రెండు తీగలు ఒకదానికొకటి తగులుతున్నాయని అర్థం. బ్యాటరీ కలిపి తాళం ఆన్ చేసినప్పుడు రెండు తీగలూ 2.5 వోల్టులకు దగ్గరగా, ఒకటి కొంచెం పైన, మరొకటి కొంచెం కింద ఉంటాయి. కొన్ని వ్యాన్లలో సాకెట్‌కూ బాడీ తీగలకూ మధ్య గేట్‌వే అనే మరో మాడ్యూలు ఉంటుంది. వాటిలో సాకెట్ దగ్గర కొలిచిన విలువ బీసీఎం ఉన్న తీగల పరిస్థితిని చెప్పదు. బీసీఎం కప్లర్ దగ్గరే కొలవాలి.

రాత్రి ఆపిన వ్యానుకు ఉదయానికి బ్యాటరీ దిగిపోతోంది. దీనికి బీసీఎం కారణం కావచ్చా?

కావచ్చు, కానీ నిద్రపోకుండా ఉన్నది బీసీఎమా, దానిని నిద్రపోనివ్వనిది మరొకటా అన్నది తేల్చాలి. తాళం తీసి తలుపులు మూసిన కొంతసేపటికి మాడ్యూళ్లన్నీ నిద్రలోకి వెళ్లాలి. అది మోడల్‌ను బట్టి కొన్ని నిమిషాల నుండి అరగంట పైగా కూడా పట్టవచ్చు. ఆ తరువాత బ్యాటరీ నుండి పోయే కరెంటు సాధారణంగా 50 మిల్లీ ఆంపియర్ల లోపు ఉండాలి. తలుపు గొళ్లెంలోని స్విచ్చు పాడై తలుపు తెరిచే ఉందని చెబుతూ ఉంటే బీసీఎం మేలుకునే ఉంటుంది.

ప్రయాణికుల వ్యాన్లలో ఏఐఎస్-140 ప్రమాణం ప్రకారం బిగించే ట్రాకింగ్ పరికరం, తరువాత చేర్చిన మ్యూజిక్ సిస్టమ్, రంగుల లైట్లు, కెమెరా వంటి వాటి తీగలను ఎక్కడినుండి లాగారో కూడా చూడాలి. వీటిని బీసీఎం కప్లర్ తీగలను చెక్కి టేపు చుట్టి కలిపిన సందర్భాలలో, ముందు వాటిని విప్పి, వ్యానును ఒక రాత్రి ఆపి చూడటం అన్నింటికంటే చవకైన పరీక్ష. కరెంటు ఏ దారిలో పోతోందో వెతికేటప్పుడు ఫ్యూజులను ఒక్కొక్కటిగా పీకితే మాడ్యూళ్లు మళ్లీ మేలుకుని లెక్క తప్పుతుంది. ఫ్యూజు పైన ఉండే రెండు లోహపు చుక్కల మధ్య మిల్లీవోల్టులు కొలిస్తే, ఏదీ పీకకుండానే కరెంటు పోతున్న దారి దొరుకుతుంది.

బ్యాటరీ టెర్మినల్ తీసి పెడితే బీసీఎం రీసెట్ అవుతుందా?

తాత్కాలికంగా చిక్కుకుపోయిన స్థితి నుండి బయటపడవచ్చు. లోపల నిల్వ ఉన్న కాన్ఫిగరేషన్ (ఆ వ్యానులో ఏ పరికరాలు ఉన్నాయన్న వివరాలు) గానీ తాళాల సమాచారం గానీ దానివల్ల చెరిగిపోదు. అసలు లోపం కూడా పోదు.

పాత మాడ్యూలునే బాగు చేయించవచ్చా?

లోపం ఏమిటన్న దానిపై ఆధారపడి ఉంటుంది. బోర్డు మీది రిలే కాంటాక్టులు అతుక్కుపోవడం, టంకం పగలడం, కప్లర్ పిన్నుల దగ్గర చిలుము పట్టడం వంటివి మంచి ఎలక్ట్రానిక్స్ పనివాడు సరిచేయగలిగినవే. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో బోర్డును శుభ్రం చేసి, రిలే మార్చి, పైన ఉండే రక్షణ పూతను తిరిగి వేస్తే మాడ్యూలు చాలాకాలం పనిచేయవచ్చు. ఈ మార్గంలో ఉన్న పెద్ద సౌకర్యం ఏమిటంటే, లోపలి సమాచారం అలాగే ఉంటుంది కనుక ప్రోగ్రామింగ్, తాళాల పని అవసరం ఉండదు.

ప్రాసెసర్ గానీ మెమరీ చిప్ గానీ దెబ్బతింటే మరమ్మతు కష్టం. ఉప్పు నీటిలో మునిగిన బోర్డును బాగు చేయించుకోవద్దనే మేము చెబుతాము. చిప్పుల కింద మిగిలిపోయిన ఉప్పు లోపల తినేస్తూనే ఉంటుంది, కొన్ని నెలల తరువాత అదే సమస్య వేరే రూపంలో తిరిగి వస్తుంది. పిల్లలను తీసుకువెళ్లే వ్యానులో, రాత్రి ఘాట్ రోడ్డు ఎక్కే వ్యానులో హెడ్‌లైట్లను అటువంటి బోర్డుకు అప్పగించడం సరికాదు.

సెకండ్ హ్యాండ్ మాడ్యూలు కొనవచ్చా?

పార్ట్ నంబరు ఒకటే అయినంత మాత్రాన అది మీ వ్యానులో పనిచేస్తుందని అనుకోకూడదు. అందులో పాత వ్యాను చాసిస్ నంబరు, దాని తాళాల సమాచారం, దాని పరికరాల వివరాలు ఉంటాయి. ఇమ్మొబిలైజర్ కలిసి ఉన్న మాడ్యూళ్లలో చాలావాటికి ఒకసారి ఒక వాహనంతో జత కుదిరాక మరో వాహనంతో జత కుదరకుండా కట్టడి ఉంటుంది. అప్పుడు మీ పాత మాడ్యూలులోని మెమరీని చదివి, కొన్నదానిలోకి మక్కీకి మక్కీ ఎక్కించడం ఒక్కటే దారి. పాత మెమరీ చదవగల స్థితిలో ఉంటేనే అది సాధ్యం.

కొనేటట్లయితే పనిచేయకపోతే తిరిగి తీసుకుంటానన్న షరతును బిల్లు మీద రాయించుకోండి. బిల్లు ఇవ్వని చోట కొనవద్దు. దొంగిలించిన వాహనం నుండి తీసిన భాగం మీ చేతికి రాకూడదు. కొన్ని మోడళ్లలో ఓడోమీటర్ లెక్క బీసీఎంలో కూడా నిల్వ ఉంటుంది కనుక, మార్చే ముందు, మార్చిన తరువాత కిలోమీటర్ల అంకెను ఫోటో తీసి, జాబ్ కార్డులో రాయించండి. రేపు వ్యానును అమ్మేటప్పుడు ఆ కాగితం మీకు రక్షణగా ఉంటుంది.

కొత్తది ఆర్డర్ ఇచ్చే ముందు ఏమి సరిచూడాలి?

పాత మాడ్యూలు మీది పార్ట్ నంబరును చివరి అక్షరం వరకు చూడాలి. ఒకే మోడల్ వ్యానులో పవర్ విండోలు ఉన్న రకానికి, లేని రకానికి వేర్వేరు మాడ్యూళ్లు ఉండవచ్చు. చాసిస్ నంబరు ఇచ్చి అధీకృత డీలరు దగ్గర పార్ట్ నంబరు నిర్ధారించుకోవడం అన్నింటికన్నా నమ్మదగిన పద్ధతి. పాత నంబరు స్థానంలో కంపెనీ కొత్త నంబరు తెచ్చి ఉంటే అది కూడా అక్కడే తెలుస్తుంది. ఎలక్ట్రానిక్ భాగాలను ఒకసారి అమ్మితే వెనక్కి తీసుకోని దుకాణాలు ఎక్కువ. అందువల్ల లోపం రుజువైన తరువాతే ఆర్డర్ ఇవ్వండి.

మార్చే పని ఏ క్రమంలో జరగాలి?

పని మొదలుపెట్టే ముందే స్కానరు తగిలించి, అన్ని మాడ్యూళ్లలోని కోడ్లను, పాత బీసీఎం మాట్లాడే స్థితిలో ఉంటే దాని కాన్ఫిగరేషన్‌ను చదివి భద్రపరచాలి. దీనిని మరచి బ్యాటరీ తీసేసి, పాత మాడ్యూలును విప్పేస్తే, తరువాత ఆ సమాచారం కోసం మళ్లీ అన్నీ బిగించవలసి వస్తుంది.

ఆ తరువాత తాళం తీసి, మాడ్యూళ్లు నిద్రలోకి వెళ్లేవరకు ఆగి, బ్యాటరీ నెగెటివ్ టెర్మినల్ విప్పాలి. డ్యాష్‌బోర్డు చుట్టుపక్కల ఎయిర్‌బ్యాగ్ తీగలు ఉంటాయి కనుక, సర్వీస్ మాన్యువల్ చెప్పినంతసేపు వేచి ఉండాలి. పసుపు రంగు కప్లర్లు సాధారణంగా ఎయిర్‌బ్యాగ్‌వి. వాటిని అనవసరంగా కదిలించకూడదు. బీసీఎం కప్లర్లకు ఉండే లాక్ మీటలను స్క్రూడ్రైవరుతో బలవంతంగా ఎత్తితే విరుగుతాయి, విరిగిన కప్లర్ గతుకుల రోడ్డులో వదులవుతుంది. విప్పే ముందు ప్రతి కప్లర్ స్థానాన్ని ఫోటో తీయడం, విప్పిన తరువాత ప్రతి పిన్నునూ మంచి వెలుతురులో చూడటం తప్పనిసరి. వంగిన పిన్ను, లోపలికి జారిన పిన్ను, చిలుము పట్టిన పిన్ను కనిపిస్తే ముందు దానిని సరిచేసి, పాత మాడ్యూలునే మరొకసారి తగిలించి చూడాలి. లోపం అక్కడే తీరిపోతే కొత్త మాడ్యూలు అవసరమే రాదు.

కొత్త మాడ్యూలు పిన్నులను చేతితో తాకకూడదు. శరీరంలోని స్థిర విద్యుత్తు దానికి హాని చేయవచ్చు. పాతది ఏ కోణంలో, ఏ దిక్కుకు ఉందో కొత్తదీ అలాగే కూర్చోవాలి. కప్లర్ నోరు కిందికి ఉండేలా కంపెనీ అమర్చి ఉంటే దానికి కారణం ఉంది, తీగ మీదుగా వచ్చిన నీటి బొట్టు లోపలికి పోకుండా కిందికి జారాలి.

బిగించాక ప్రోగ్రామింగ్ ఎందుకు? నేరుగా పనిచేయదా?

కొత్త మాడ్యూలుకు అది ఏ వ్యానులో ఉందో తెలియదు. ఆ వ్యానుకు ఫాగ్ లైట్లు ఉన్నాయా, వెనుక వైపర్ ఉందా, పక్కకు జరిగే తలుపు ఒకటా రెండా, ఎంత వేగం దాటితే తలుపులు లాక్ కావాలి అనే వివరాలన్నీ దానికి ఎక్కించాలి. చాసిస్ నంబరు కూడా రాయాలి. ఇవి తప్పుగా ఉంటే ఉన్న పరికరాలు పనిచేయవు, లేని పరికరాల కోడ్లు వస్తూ ఉంటాయి. బిగించడం కంటే ఈ పనికే ఎక్కువ నైపుణ్యం కావాలి. గ్యారేజీని ఎంచుకునేటప్పుడు మీరు అడగవలసినది కూడా దీని గురించే.

ప్రోగ్రామింగ్ నడుస్తున్నంతసేపు వోల్టేజి స్థిరంగా ఉండాలి. ఇందుకోసం వోల్టేజిని ఒకే స్థాయిలో ఉంచే ప్రత్యేకమైన విద్యుత్ సరఫరా పరికరాన్ని బ్యాటరీకి కలుపుతారు. మామూలు బ్యాటరీ చార్జరు ఇచ్చే కరెంటులో హెచ్చుతగ్గులు ఉంటాయి, అది ఇందుకు పనికిరాదు. మధ్యలో కరెంటు పోయినా, ల్యాప్‌టాప్ ఆగిపోయినా, ఎవరైనా తలుపు తీసి దీపాలు వెలిగించినా పని సగంలో ఆగి, కొత్త మాడ్యూలు మళ్లీ స్పందించకుండా పోయే ప్రమాదం ఉంది. కొన్ని మాడ్యూళ్లలో ఇమ్మొబిలైజర్ వివరాలను ఒక్కసారి మాత్రమే రాయగలము కనుక ఇక్కడ తొందర పనికిరాదు.

తాళాలన్నీ తీసుకువెళ్లాలా?

అవును, అన్నీ. చాలా మోడళ్లలో తాళాలను కొత్తగా నమోదు చేసేటప్పుడు పాత జాబితా మొత్తం చెరిగిపోతుంది. ఆ రోజు అక్కడ లేని తాళంతో తలుపు తెరుచుకుంటుంది కానీ ఇంజిన్ స్టార్ట్ కాదు. రెండవ తాళం యజమాని ఇంట్లో ఉండి, డ్రైవరు ఒక్కడే వ్యానును తీసుకువెళ్లడం వల్ల ఈ ఇబ్బంది ఎక్కువగా వస్తుంది. తాళాల నమోదుకు కావలసిన భద్రతా సంఖ్య ఇవ్వడానికి అధీకృత సర్వీస్ సెంటర్ ఆర్‌సీనీ యజమాని గుర్తింపు పత్రాన్నీ అడగవచ్చు, వాటిని కూడా సిద్ధంగా ఉంచుకోండి.

వ్యానును తిరిగి తీసుకునే ముందు నేను ఏమి చూసుకోవాలి?

గ్యారేజీ ఆవరణలోనే, తొందరపడకుండా, ప్రతి దీపాన్నీ వెలిగించి చూడండి. బ్రేక్ లైట్లకు, రివర్స్ లైటుకు వెనుక ఒక మనిషిని నిలబెట్టండి. వైపర్ల అన్ని వేగాలు, హార్న్, అన్ని తలుపుల లాక్, రిమోట్, ప్రతి తాళంతోనూ స్టార్ట్ కావడం చూడాలి. బ్యాటరీ విప్పిన తరువాత కొన్ని పవర్ విండోలకు పూర్తిగా పైకీ కిందికీ నడిపి స్థానాన్ని మళ్లీ నేర్పించవలసి ఉంటుంది. కొంతదూరం నడిపిన తరువాత మళ్లీ స్కాన్ చేయించి, కోడ్లు లేవని చూపించమని అడగండి. నీరు కారిన చరిత్ర ఉంటే ముందు అద్దం మీద పైపుతో నీరు పోయించి, డ్యాష్‌బోర్డు కింద చేయి పెట్టి తడి ఉందేమో చూడటం ఎంతో అవసరం. పాత మాడ్యూలును మీకు తిరిగి ఇమ్మని అడగండి, వారంటీలో మార్చినదైతే మాత్రం కంపెనీ దానిని ఉంచుకుంటుంది.

ఖర్చును ఎలా అంచనా వేసుకోవాలి?

మోడల్‌ను బట్టి ధరలు ఎంతగానో మారతాయి. పరీక్షకు, మాడ్యూలుకు, బిగించే కూలికి, ప్రోగ్రామింగ్‌కు, తాళాల నమోదుకు ఎంతెంతో విడివిడిగా రాసి ఇమ్మని ముందుగానే అడగండి. పరీక్షకు డబ్బు తీసుకోవడం తప్పు కాదు. గంటసేపు శ్రద్ధగా పరీక్షించిన ఎలక్ట్రీషియన్‌కు ఇచ్చే రుసుము, అనవసరంగా కొన్న మాడ్యూలు ధరలో చాలా చిన్న భాగం.

బీమా వర్తిస్తుందా?

మన దేశంలోని సాధారణ సమగ్ర మోటారు పాలసీలో వరద, తుపాను వల్ల కలిగిన నష్టం వర్తిస్తుంది. అరుగుదల, యాంత్రిక లేదా విద్యుత్ లోపం వల్ల దానంతట అది చెడిపోవడం వర్తించదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటినప్పటి వంటి పరిస్థితిలో వ్యానులోకి నీరు చేరి మాడ్యూలు పోతే అది మొదటి కోవలోకి వస్తుంది. కార్పెట్ కింద ఏసీ నీరు చేరి చిలుము పట్టితే రెండవ కోవలోకి వస్తుంది. వరద నీటిలో నిలిచిన వ్యానును స్టార్ట్ చేయవద్దు. నీటి మట్టం కనిపించేలా ఫోటోలు తీసి, బీమా సంస్థకు తెలియజేసి, సర్వేయరు చూసేవరకు ఏదీ విప్పకుండా ఉండాలి.

అరకు ఘాట్ రోడ్డులో రాత్రిపూట అన్నీ ఒకేసారి ఆగిపోతే ఏం చేయాలి?

వ్యానును మలుపుకు దూరంగా, ఎడమ అంచున ఆపండి. హజార్డ్ లైట్లు కూడా బీసీఎం మీదే ఆధారపడి ఉండవచ్చు కనుక ప్రతిబింబించే త్రికోణాన్ని వెనుక కొంత దూరంలో నిలబెట్టండి, ప్రయాణికులను రోడ్డుకు దూరంగా దించండి. తరువాత బ్యాటరీ టెర్మినళ్లు వదులయ్యాయేమో, ప్రధాన ఫ్యూజు పోయిందేమో చూడండి. కొన్ని మోడళ్లలో మాడ్యూలు విఫలమైనా డిమ్ లైట్లు వెలిగే ఉండేలా ఏర్పాటు ఉంటుంది, అన్నింటిలో ఉండదు. హెడ్‌లైట్లు లేకుండా ఫోన్ వెలుతురుతో కొండ దిగే ప్రయత్నం ఎట్టి పరిస్థితిలోనూ చేయవద్దు.

కొత్త మాడ్యూలు మళ్లీ చెడకుండా ఏ జాగ్రత్తలు తీసుకోవాలి?

జూన్‌లో వానలు మొదలయ్యే ముందు ఒకసారి, అక్టోబరు తుపానుల కాలానికి ముందు మరొకసారి అద్దం రబ్బరును, బానెట్ వెనుక నీరు పోయే దారులను, ఏసీ గొట్టాన్ని శుభ్రం చేయించండి. ఎర్త్ బోల్టులను విప్పి, గరుకు కాగితంతో రుద్ది, బిగించి, పైన పెట్రోలియం జెల్లీ రాయించండి. వాషింగ్‌లో డ్యాష్‌బోర్డు కింద, ఫ్యూజ్ బాక్సు దగ్గర ప్రెషర్ నీరు కొట్టనివ్వవద్దు.

పైన క్యారియర్ గానీ, లోపల సీటు ఫ్రేము గానీ వెల్డింగ్ చేయించేటప్పుడు బ్యాటరీ టెర్మినళ్లు విప్పించి, వెల్డింగ్ ఎర్త్ క్లాంపును పని జరిగే చోటికి దగ్గరగా పెట్టించండి. వేరే బండి నుండి కరెంటు తీసుకుని స్టార్ట్ చేసేటప్పుడు ప్లస్, మైనస్ తారుమారైతే ఒక్క క్షణంలో బీసీఎంతో పాటు మరికొన్ని మాడ్యూళ్లు కూడా పోవచ్చు. అదనపు లైట్లు, హార్న్‌లు, ఇతర పరికరాలు బిగించవలసి వస్తే వాటికి బ్యాటరీ నుండి విడిగా ఫ్యూజుతో తీగ లాగించి, రిలే పెట్టించండి. బీసీఎం కప్లర్ తీగను చెక్కి కలపడానికి ఎవరినీ అనుమతించవద్దు.